వెలుఁగుబిడ్డ యాట: గుణదోష విచారము

గత వేసవి సెలవులకు ముందు పై తరగతుల విద్యార్థులు కొందఱు మాయొద్దకు వచ్చి, "పత్రికలోఁ బుస్తక విమర్శలు వచ్చును, యాత్రా వర్ణనములు వచ్చును, ఛందస్సునుగూర్చి పాఠములును వచ్చును. మేము నిత్యము ఆడు వీడియోగేములనుగూర్చి మాత్రము ఒక్క పుటయు రాదేమి?" అని యడిగిరి. అడిగిన తీరు కొంత కొంటెగా నుండెఁ గాని ప్రశ్న న్యాయమైనదే. పుస్తకమును చదివి మంచిచెడ్డలు నిర్ణయించుటను మేము నేర్పుచున్నాము. నాటకమును చూచి యందలి పాత్రలను తూచుటను నేర్పుచున్నాము. ఆటల విషయమునకు వచ్చునప్పటికి "ఆడవచ్చును" అనియో "ఆడరాదు" అనియో ఒక్క మాటతోఁ ద్రోసిపుచ్చుచున్నాము. ఇంటియొద్దఁ దల్లిదండ్రులు చేయుచున్నదియు నదియే. తగునో తగదో చెప్పుటకు ముందు ఆ వస్తువెట్టిదో చూడవలదా?

కాఁబట్టి మేమొక యాటను ఎన్నుకొని, మొదటినుండి తుదివఱకు ఆడి, తోఁచినదానిని తోఁచినట్లు వ్రాయఁ బూనితిమి. మేమనఁగా ఇద్దఱు తెలుఁగు ఉపాధ్యాయులమును, ఒక లెక్కల ఉపాధ్యాయుఁడును. ఆట పేరు చైల్డ్ ఆఫ్ లైట్. తెలుఁగున వెలుఁగుబిడ్డ యనవచ్చును. కెనడా దేశమున మాంట్రియల్ నగరమందలి యూబీసాఫ్ట్ వారి శాలలో నిర్మింపఁబడి, 2014వ సంవత్సరము ఏప్రిల్ 30వ తేదీన వెలువడినది. దీనికి సూత్రధారుఁడు పాట్రిక్ ప్లూర్డ్, రచయిత జెఫ్రీ యోహాలెమ్. ఈ యిరువురును 2012లో వెలువడిన ఫార్ క్రై 3 అను తుపాకుల యాటకుఁ బనిచేసినవారే. అంతటి నెత్తుటి కథను ముగించి, వెనువెంటనే ఒక చిన్న బాలిక కథకుఁ బూనుకొనుట మాకు వింతగాఁ దోఁచినది. మనసు విసిగి చల్లదనమును కోరినదేమో!

విచారమునకు ముందు రెండు మాటల యర్థము చెప్పవలెను. సైడ్ స్క్రోలింగ్ అనఁగా ఆటలోని లోకమును ప్రక్కనుండి చూచుట. పాత్ర కుడికో యెడమకో నడచుచుండఁగా తెరమీఁది బొమ్మయంతయు వెనుకకు జరుగుచుండును. లోతునకుఁ బోవుట యుండదు. మన తోలుబొమ్మలాట నెఱిఁగినవారికి ఇది క్రొత్త గాదు. అందును పలుచని తెర, వెనుక దీపము, ప్రక్కముఖముతో నిలిచిన బొమ్మలు. భేదమేమనఁగా, తోలుబొమ్మలాటలోఁ దెర కదలదు, బొమ్మలే వచ్చి పోవుచుండును. ఇక్కడ బొమ్మతోఁబాటు లోకమును గదలును. 1985లో జపానువారి సూపర్ మారియో బ్రదర్స్ ఈ పద్ధతిని ఇంటింటికిఁ జేర్చినది.

రెండవది రోల్ ప్లేయింగ్. ఆడువాఁడు కథలోని యొక పాత్రను తానై ధరించును. ఆ పాత్రకు బలము, ఓర్పు, మంత్రశక్తి మొదలైనవి అంకెలలో నిర్ణయింపఁబడియుండును. పోరి గెలిచినకొలఁది అనుభవము చేరి ఆ యంకెలు పెరుగును. అట్లు పెరిగిన యొక్కొక్క మెట్టును లెవెలందురు. ఈ జాతి యాటలకు మూలము 1974లో అమెరికాలోఁ బుట్టిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. అది కాగితము, పెన్సిలు, పాచికలతో బల్లచుట్టుఁ గూర్చుండి ఆడఁదగినది. దానిని జపానువారు యంత్రమునకెక్కించి 1986లో డ్రాగన్ క్వెస్టును, 1987లో ఫైనల్ ఫాంటసీని వెలువరించిరి. మారియో ఆటకుఁ గావలసినది చేతి చుఱుకుదనము, ఈ యాటలకుఁ గావలసినది కుదురైన యాలోచన. రెండింటిని ముడివేయుట సులభము గాదు. 1987లోనే జెల్డా కథలలో రెండవదానియం దట్టి ప్రయత్నము జరిగినది. అది మిక్కిలి కఠినమైన యాట యని నేఁటికిని పేరు. చైల్డ్ ఆఫ్ లైట్ వారు వేఱొక దారిఁ ద్రొక్కిరి. నడకను మారియోవలెఁ బ్రక్కకు జరుగు తెరలో నుంచి, పోరు వచ్చినప్పుడు మాత్రము ఫైనల్ ఫాంటసీవలె వంతులవారీగా నడపిరి.

కథ యిది. 1895వ సంవత్సరము, ఆస్ట్రియా దేశము. ఒక ప్రభువునకు అరోరా యను నొక్కతే కూఁతురు. తల్లి లేదు. తండ్రి మరల వివాహమాడెను. ఈస్టరు పండుగకు ముందరి శుక్రవారమునాఁటి రాత్రి బాలిక నిద్రించి, తెల్లవాఱునప్పటికి మంచువలెఁ జల్లఁబడియుండెను. తండ్రి దుఃఖముతో మంచము పట్టెను. బాలిక కన్ను దెఱచినది మాత్రము లెమూరియా యను మఱియొక లోకమున. అచ్చట అంబ్రా యను రాత్రి రాణి సూర్యచంద్రులను, చుక్కలను దొంగిలించియున్నది. వానిని మరలఁ దేవలెను. తేగలిగినచో ఇల్లు చేరవచ్చును, తండ్రిని చూడవచ్చును. ఆ శుక్రవారమెట్టిదో మన చదువరులకుఁ జెప్ప నక్కఱలేదు. కథ మాత్రము దానినిగూర్చి యటుపిమ్మట నేమియుఁ బలుకదు. ఆస్ట్రియానుగూర్చియు నంతే. 1895 అను నంకె తెరకుఁ గట్టిన యంచువంటిదే కాని దానివలనఁ గథకు జరిగినది స్వల్పము.

చిత్రములనుగూర్చి యెంత చెప్పినను తక్కువయే. చిత్రకారుని కాగితము నీటిరంగులతోఁ దడిసియుండఁగనే దీపమునకుఁ బట్టినట్లుండును. దూరపుఁ జెట్లు పొగమంచులోఁ గరఁగును, దగ్గఱి తీఁగలు నల్లగా నడ్డువచ్చును. రేమన్ ఆరిజిన్స్ అను మునుపటి యాటకై యూబీసాఫ్టువారు నిర్మించుకొన్న యూబీఆర్ట్ అను పనిముట్టును దీనికిని వాడిరి. చేతితో గీసిన బొమ్మను చెడఁగొట్టక తెరమీఁదికిఁ దెచ్చుట దాని యుద్దేశము. ఆ యుద్దేశము నెఱవేఱినది. బాలిక ఎఱ్ఱని జుట్టు నీటిలోఁ దేలునట్లు నెమ్మదిగా నాడుచుండును. కిరీటము తలకుఁ బెద్దది. కత్తి యంతకంటెఁ బెద్దది. మొదట దానిని ఈడ్చుకొనియే నడచును. కథ సాగినకొలఁది ఆమె పెరుగును. ఏ దినమునఁ బెరిగినదో ఎవ్వరును చెప్పరు. ఒకచో ఆగి చూచినప్పుడు కత్తి చేతికి సరిపడియున్నదని మనకే తెలియును. చెప్పక చూపుట యన నిదియే. మా విద్యార్థులు వ్యాసములలో "ఆమె క్రమక్రమముగాఁ బెరిగి ధైర్యవంతురాలయ్యెను" అని వ్రాయుదురు. ఈ బొమ్మను చూచిన పిదప ఆ వాక్యమును వ్రాయుటకుఁ జేయి రాదు.

సంగీతము క్యూర్ ద పిరాట్ అను పేరఁ బాడు కెబెక్ గాయని బేయాత్రీస్ మార్తాన్ కూర్చినది. పియానోయే ప్రధానము. నడకలో నది మిక్కిలి యింపుగా నుండును. పోరులో మాత్రము కొన్ని వరుసలు తఱచుగా మ్రోఁగి విసుగు పుట్టించినవి.

పోరు తీరును గొంత వివరముగాఁ జెప్పవలసియున్నది, ఈ యాటకుఁ బ్రాణమదియే కాఁబట్టి. తెర యడుగున నొక పొడవైన పట్టె. దానిమీఁద మనవారి ముఖములును, పగవారి ముఖములును చిన్నచిన్న బిళ్ళలవలె ఎడమనుండి కుడికి నడచుచుండును. కొందఱు వేగముగా, కొందఱు మెల్లగా. పట్టె చివర కొంత భాగము వేఱు రంగుతో నుండును. మనవాని ముఖము ఆ భాగపుటంచును జేరఁగానే కాలమాఁగును, ఏమి చేయవలెనో మనల నడుగును. కత్తితోఁ గొట్టుటయా, మంత్రము వేయుటయా, మందు త్రాగుటయా, కాచుకొనుటయా? చెప్పిన పిమ్మట ముఖము మరల నడచి పట్టె చివరకుఁ జేరును. అప్పుడే ఆ పని జరుగును. తేలిక పనియైనచో నడక వడి, బరువైన పనియైనచో నడక మెల్లన. ఈ నడిమి కాలములోఁ బగవాఁడు దెబ్బకొట్టెనా, తలఁచిన పని చెడును, ముఖము వెనుకకు విసరివేయఁబడును. ఈ నియమమే పగవారికిని వర్తించును.

వినుటకు సామాన్యముగా నున్నది. ఆడినఁగాని దీని సొగసు తెలియదు. పగవాని ముఖము అంచు దాఁటినది. అరోరా ముఖము దాని వెనుక నాలుగు వ్రేళ్ల దూరమున నున్నది. పెద్ద మంత్రము వేసినచోఁ బగవాఁడు నేలఁ గూలును గాని యది ముగియునంతలో వాఁడే మనలఁ గొట్టును. చిన్న కత్తిపెట్టు వేసినచో వానికి నొప్పి స్వల్పమే, కాని వాని పని చెడును. లెక్కల ఉపాధ్యాయుఁడు దీనిని చూచి, రెండు రైళ్లు వేఱు వేఱు వేగములతో నొకే స్టేషనుకు వచ్చుచుండఁగా ముందేది చేరునను లెక్క యిదియే యని, మొదటి సాయంకాలము కాగితము తెచ్చుకొని కూర్చుండెను. రెండవ సాయంకాలమునకుఁ గాగితము విడిచెను, కన్నుతోనే కొలుచుట యలవడెను. పెద్ద దెబ్బకాశపడక, సమయమునకుఁ జిన్న దెబ్బ వేసి యెదుటివాని పనిని ఆఁపుట యెట్లో ఈ యాట చక్కగా నేర్పును. ఇది వీరి సొంత కల్పన గాదు. 1997లో వెలువడిన గ్రాండియా యను జపాను ఆటలో నిట్టి పట్టె కలదు. అరువు తెచ్చినను అందముగా వాడిరి.

దీనికిఁ దోడు ఇగ్నిక్యులస్ అను మిణుఁగురుపురుగు. అరోరాకు మొదట దొరకు నేస్తమితఁడే. పోరులో వంతులతోఁ బనిలేక స్వేచ్ఛగాఁ దిరుగును. పగవానిపై నిలిచి వెలిఁగినచో వాని ముఖము పట్టెమీఁద మెల్లగా నడచును. మనవారిపై వెలిఁగినచో గాయములు కొంత కొంతగా మానును. వెలిఁగినకొలఁది వెలుఁగు తఱుఁగును. అంచులందుఁ బూచియున్న మొక్కలను తాఁకి మరల నింపుకొనవలెను. పోరు లేనప్పుడు ఇతని వెలుఁగుతో గోడలమీఁద నీడలు పడవేసి, తలుపుపైనున్న బొమ్మతో నీడను సరిపెట్టి తలుపులు దెఱచు చిక్కులు గలవు. అవి యింకను బెక్కు లుండవలసినది. ఉన్న నాలుగింటినే మేము మరల మరలఁ దలఁచుకొంటిమి.

ఈ మిణుఁగురును రెండవవారొకరు వేఱొక కంట్రోలరుతో నడపవచ్చును. తల్లిదండ్రులు దీనిని గమనింపఁగోరుచున్నాము. ఆటలంటే పిల్లవాఁడు గదిలోఁ దలుపు మూసికొని యొంటిగా నాడునవియే యని మన యభిప్రాయము. ఇందులో నైదాఱేండ్ల పిల్లయు, ఆటలెన్నఁడు నెఱుఁగని యమ్మమ్మయు మిణుఁగురై పాల్గొనవచ్చును. మిణుఁగురునకుఁ జావు లేదు. తప్పు చేసినను ఆట చెడదు. అయినను వానివలన నుపకారము గలదు. చేతఁగానివారికిఁ జోటిచ్చి, వారిని తక్కువ చేయని కల్పన యిది. ఈ యొక్క దానికై కర్తలను మెచ్చుకొనక తప్పదు.

ఇఁక భాష. ఈ యాటలో నందఱును పద్యములలో మాటలాడుదురు. ఆంగ్లేయుల జానపద గాథల రీతిగా నాలుగేసి పాదములు, రెండవ నాల్గవ పాదముల తుద నొకే ధ్వని. ఒక్కొక్కప్పుడొక పద్యమును ఇద్దఱు ముగ్గురు పంచుకొని పలుకుదురు. మన పద్యనాటకములలోనైన వచనము నడుమ నడుమ వచ్చి, భావము పొంగినచోట మాత్రమే పద్యమెత్తుకొందురు. ఇక్కడ దారి యెటో యడుగుటయుఁ బద్యమే, అంగడివాఁడు సరకు గూర్చి చెప్పుటయుఁ బద్యమే.

మన ప్రాస పాదమున రెండవ యక్షరమునందుండును, యతి పాదము నడుమ నుండును. పాదాంతము స్వేచ్ఛ గలది. కాఁబట్టి మన కవి పాదమును బిగువుగా నారంభించి తుదకు ఊపిరి తీసికొనును. ఆంగ్లమున దీనికి విపరీతము. మొదలు స్వేచ్ఛ, తుద బిగువు. తుద పదమును ముందుగాఁ దలఁచుకొని, దానికొఱకు వెనుకటి మాటలను త్రిప్పి వేయవలసివచ్చును. ఈ యాట రచన యచ్చటనే తడఁబడినది. కర్త కర్మ క్రియల వరుస తలక్రిందులగును. అర్థమునకుఁ బనికిరాని మాట ధ్వనికొఱకై వచ్చి కూర్చుండును. పాదముల పొడవు ఒకచో నొకటి, వేఱొకచో మఱొకటి. సంస్కృతమునఁ గొన్ని యవ్యయములకుఁ బాదమును నింపుటయే ప్రయోజనమని కోశకారులు దాఁపరికము లేక చెప్పిరి. వీరు కోశము సాయము లేకుండనే అట్టి పదములను దిట్టముగా వాడిరి. చెవికింపుగా నున్నంతలో మాటయేమో తెలియక మేము వెనుకకుఁ బోయి చదివిన చోట్లు గలవు. ఆంగ్లము మాతృభాష గాని మన పిల్లలకు ఇది యింకను గష్టము. ఆటకుఁ దెలుఁగు రూపము లేదు.

అయినను రూబెల్లాను మఱవరాదు. ఈమె సర్కసు పిల్ల, విదూషకి. అన్నను వెదకుచు వచ్చి బాలికతోఁ జేరును. ఈమెకుఁ బద్యము చెప్పుట రాదు. ప్రాస తగులవలసినచోట సరిగా నా యర్థమే గల మఱియొక పదమును వేసి పాదమును చెఱచును. వెంటనే ప్రక్కవారు కావలసిన పదమును అందింతురు. వేమన పద్యమును అప్పగించుచుఁ జివరి మాట మఱచిన బాలునకుఁ దరగతియంతయు నొక్క గొంతుతో నందించినట్లుండును. మేము ముగ్గురమును నవ్వినది ఈమె మాటలకే. మా యభిప్రాయమున, ఈ రచనలో నెల్లఁ గవిత్వమని చెప్పఁదగినది రూబెల్లా తప్పులే. ప్రాస యెంత బలవంతపుఁ బనియో కర్తలకుఁ దెలియునని వాని వలననే మాకుఁ దెలిసినది.

దోషములలోఁ బెద్దది సులభత. ఆట మొదట రెండు స్థాయులను జూపును, ఒకటి తేలిక, ఒకటి కష్టము. మేము తేలికదానితో మొదలిడి పొరపాటు చేసితిమి. లెవెళ్లు వానచినుకులవలె వచ్చి పడును. ప్రతి లెవెలునకు నొక గుర్తు చొప్పున మూఁడు కొమ్మల చెట్టుమీఁద శక్తులను గొనవచ్చును. అందుఁ బెక్కు కొమ్మలలో లభించునది బలమునకుఁ గొంచెము, ఓర్పునకుఁ గొంచెము. ఎన్నుకొనుట యన్న పేరే కాని యెన్నిక లేదు. ఆక్యులై యను రంగురాళ్లును గలవు. చిన్నవానిని గలిపి పెద్దవి చేయవచ్చును, కెంపును ఆయుధమునఁ బొదిగినచో అగ్నిశక్తి వచ్చును. ఆలోచన మంచిది. తేలిక స్థాయిలో వాని యవసరమే రాదు. మందుసీసాలు సంచినిండఁ బడియుండి, ఆట ముగియునప్పటికిని మిగిలిపోయినవి. పట్టెమీఁది పోరు అంత చక్కనిదని చెప్పితిమి గదా. ఆ చక్కఁదనము తెలియవలెనన్నఁ బగవాఁడు కొంత గట్టివాఁడై యుండవలెను. కష్టస్థాయికి మార్చిన పిదపఁ గాని యది మాకుఁ దెలియలేదు.

రెండవ దోషము నడకలోనిది. కథ యారంభమైన కొలఁది కాలమునకే, అడవి దేవతను చెఱ విడిపించిన పిమ్మట, అరోరాకు ఎగురు శక్తి లభించును. ఆ క్షణమునఁ గలుగు నానందము గొప్పదే. అంతవఱకు గంతులతో నెక్కిన గట్లపై నామె యొక్కసారిగా గాలిలోఁ దేలును. కాని యటుపిమ్మట గోతులకును, గోడలకును అర్థమేమి? ఎగురఁగలవానికి అడ్డేది? ముండ్లను, గాలివడిని పెట్టి కొంత సరిదిద్దిరి గాని, ప్రక్కకు జరుగు తెరయాటలకు సహజమైన గంతుల నేర్పు ఇందుఁ గానరాదు. రెక్కలను ఇంకను ఆలసించి యిచ్చియుండవలసినది.

సహచరులనుగూర్చియు నొక మాట. బాణములు వేయు ఎలుక వర్తకుఁడు రాబర్ట్, మంత్రగాఁడైన పిఱికి మఱుగుజ్జు ఫిన్, రాణికిఁ గొలువు చేసి మనసు మార్చుకొన్న భటుఁడు ఓయెంగస్, ఇట్లు ఒక్కొక్కరును వచ్చి కలియుదురు. వచ్చునప్పుడు ఒక్కొక్కరి కథ చక్కగా నుండును. చేరిన పిదప వారు మాటలాడుట యరుదు. పోరులో నొకేసారి ఇద్దఱే నిలువవలెనను నియమముచేఁ దక్కినవారు తెర వెనుకఁ గాచుకొనియుందురు. ఫిన్ తన భయమును ఎట్లు జయించెనో మాకుఁ దెలిసికొనఁ గోరిక యుండెను. ఆట దానిని నాలుగు పద్యములలోఁ దేల్చివేసినది.

ఇప్పుడు చెప్పఁబోవు విషయమునకై కథలోని రహస్యమొకటి బయలుపఱుపవలసి వచ్చుచున్నది. ఆటను ఆడఁదలఁచినవారు ఈ భాగమును విడిచి చదువుదురు గాక. రాత్రి రాణి మఱెవ్వరో కాదు, బాలిక తండ్రి మరల పెండ్లాడిన స్త్రీయే. లెమూరియాలోఁ దోడుగాఁ గలిసిన నోరా యను సవతి యక్కయు నట నటించినదే, తుదకు ద్రోహము చేయును.

మేము ఈ యాటను మాలో నొకరి యింట నాడితిమి. ఆ యింటికి బంధువుల బాలిక, పదకొండేండ్లది, సెలవులకు వచ్చియుండెను. తల్లి పోయి నాలుగేండ్లయినది. తండ్రి నిరుడు మరల వివాహము చేసికొన్నాఁడు. మిణుఁగురును నడపిన దా బాలికయే. మేము పగవారిమీఁద నిలుపుమని యెంత చెప్పినను, ఆమె మిణుఁగురును అరోరా మీఁదనే నిలిపి గాయములు మాన్పుచుండెడిది. మాకుఁ గొన్ని పోరులు అందువలన నోటమియైనవి. మేము మందలింపలేదు. రహస్యము బయటపడిన సాయంకాలము ఆ పిల్ల యేమియుఁ బలుకలేదు. ఆమెను తీసికొని వచ్చిన పిన్ని ప్రక్కగదిలో రాత్రి వంటకు బియ్యము చెఱుగుచుండెను. మేము ముగ్గురమును ఒకరి ముఖ మొకరు చూచుకొంటిమి. కంట్రోలరును బల్లపైఁ బెట్టి లేచుచు ఆ బాలిక మెల్లగా, "ఈ కథ వ్రాసినవారికిఁ బిన్ని యుండదు కాఁబోలు" అనెను.

ఈ వ్యాసమున మేమింతవఱకు వ్రాసిన విమర్శలో దీనికి సాటి వచ్చునది లేదు. సవతితల్లి దుష్టురాలగుట వీరు క్రొత్తగాఁ జేసిన తప్పు గాదు. ఐరోపావారి సిండరెల్లా, స్నోవైట్ కథలలో నున్నదియే. మనకును ధ్రువుని తండ్రి తొడమీఁదినుండి త్రోసిన సురుచి యున్నది. అయినను మన పూర్వులు కైకేయిని జూపినప్పుడు, ఆమె మొదట రాముని గన్నకొడుకువలెఁ జూచినదనియు, మంథర వచ్చి మనసు విఱిచినదనియుఁ జెప్పిరి. చెడుగు మనసులోనికి వచ్చిన దారిని చూపిరి. అంబ్రాకు మంథర లేదు. ఆమె రాత్రి రాణి గనుక దుష్టురాలు, దుష్టురాలు గనుక సవతితల్లి. మిణుఁగురును గల్పించినప్పుడు చేతఁగానివారి మనసును అంతగా నెఱిఁగిన కర్తలు, ఇచ్చట నాటకు ముందు కూర్చుండు పిల్లలు ఏ యిండ్లనుండి వత్తురో తలఁపలేదు.

తండ్రి విషయమును ఇట్లే త్వరపడి ముగించిరి. మంచముపట్టిన ప్రభువు నడుమ నడుమఁ గానవచ్చును. బాలికకు ఇల్లు చేరవలెనను తొందర. లెమూరియా ప్రజలకు ఆమె యుండిపోవలెనను కోరిక. ఈ రెంటి నడుమ నలుఁగుట కథలోని మేలైన భాగము. బిడ్డ పోయిన తండ్రి దుఃఖమును జూపుటకు మాత్రము చిత్రకారులు చేసిన పనిలోఁ బదవ వంతయిన రచయిత చేయలేదు. చీఁకటి గదియు, మంచమును, కిటికీయును గల ఆ బొమ్మలు పద్యములకంటె నెక్కువ మాటలాడినవి. ముగింపు ఏమగునో మేము చెప్పము.

ఆడఁదలఁచినవారికిఁ గొన్ని మాటలు. మొత్తము పది పండ్రెండు గంటలలో ముగియును. ఇట్టి జాతి యాటలు నలువది, యేఁబది గంటలు పట్టుట సామాన్యము గనుక దీని పొట్టిదనము చదువుకొను పిల్లలకు మేలు. దినమున కొక గంటయైనచో రెండు వారములలోఁ బూర్తియగును. కంప్యూటరులోను, ప్లేస్టేషను, ఎక్స్‌బాక్స్ మొదలైన యంత్రములలోను లభించును. 2018లో నింటెండో స్విచ్‌కును వచ్చినది. ఆటలకుఁ గొంత యలవాటు పడినవారు కష్టస్థాయితోనే మొదలిడవలెను. చిన్నపిల్లలున్న యింట రెండవ కంట్రోలరు తప్పక యుండవలెను. సవతితల్లి గల యింటఁ బెద్దవారు ముందుగా నాడి చూచుట మంచిది.

పద్యములలో సంభాషణ వ్రాయుట యెంత కష్టమో తెలిసికొనుటకై, సెలవుల యనంతరము పదవ తరగతి విద్యార్థులకు మేమొక పని పెట్టితిమి. రూబెల్లా, ఫిన్ వంటకమునుగూర్చి తగవులాడుచున్నట్లు ఒక్కొక్కరును ఒక యాటవెలది వ్రాయవలెను. ఆటవెలదికిఁ బ్రాస నియమము లేదు గదా, యతి యొక్కటి చూచుకొన్నఁ జాలునని ధైర్యము చెప్పితిమి. తొమ్మిది పద్యములు వచ్చినవి. ఏడింటిలో "సుమ్మి", "మఱియు", "వినుము", "నిజము" అను మాటలు పాదమునకొక్కటి చొప్పున దిగఁబడియున్నవి. అమెరికా ఖండపు రచయితను మేమాక్షేపించినదంతయు మా తరగతి గదిలోనే ప్రత్యక్షమైనది. తక్కిన రెండింటిని దిద్దకయే ఈ సంచికలో వేఱొక పుటలోఁ బ్రకటించుచున్నాము. లెక్కల ఉపాధ్యాయుఁడును ఒకటి వ్రాసి యిచ్చెను. గణములు సరిపోయినవి. యతి మాత్రము రెండు పాదములలోఁ దప్పినది, కాఁబట్టి దానిని ప్రకటింపలేదు.